కట్టడం అక్కడ, గొయ్యి ఇక్కడ

మా బాపు చేతికర్రతో రాతిగోడను కొట్టాడు. ఒక్కసారి కాదు, జానెడు జానెడు జరుగుతూ నాలుగైదు చోట్ల. ప్రతి దెబ్బకూ మెడ కాస్త వంచి, ఆగి, విన్నాడు. చివరికి అరచెయ్యి రాతికి ఆనించి, "మంచి రాయిరా బిడ్డా. గల్లున మోగుతంది. ఎక్కడా డొల్ల లేదు" అన్నాడు.

ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయి సర్దారుగా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదలయ్యే ముందు కర్రతో కప్పు కొట్టి వినడం ఆయన పని. గల్లుమంటే మనుషుల్ని లోపలికి పంపాలి, డొల్లగా పలికితే ఆపాలి. బాయి కప్పంటే మరేం కాదు, బొగ్గు మీద పరుచుకున్న ఇసుకరాయే. రిటైరై ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. కెనడా వచ్చి, పసిఫిక్ ఒడ్డున ఒక చిన్న దీవి మీద, తొంభై ఏళ్ల కిందటే మూతబడ్డ క్వారీలో నిలబడి కూడా ముందు రాయి మోగుతుందో లేదో చూసుకున్నాడు.

నిజానికి మేం అక్కడికి వెళ్లింది రాయి కోసం కాదు. ఆ దీవిలో లేత బంగారు రంగు రకూన్లు ఉంటాయని ఎవరో చెబితే పిల్లలు పట్టుబట్టారు. అవి కనబడలేదు. క్వారీ కనబడింది.

దీవి పేరు సేసత్‌షన్. మ్యాపుల్లో చాలాకాలం న్యూకాజిల్ ఐలాండ్ అనే ఉండేది. అక్కడి ఆదివాసులు స్నునైముక్వ్ జనం పిలుచుకునే పేరు పార్కుకు 2021లో అధికారికంగా తిరిగొచ్చింది. బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్ ఐలాండ్ తూర్పు ఒడ్డున ననైమో అనే ఊరుంది. ఆ ఊరి రేవులో నిలబడితే ఎదురుగా కనిపించేదే ఈ దీవి. చిన్న పడవలో పది నిమిషాలు. 800 ఎకరాల పైచిలుకు అడవి, కార్లు లేవు. ఎర్రటి బెరడు ఉల్లిపొరలా ఊడిపోయే ఆర్బ్యూటస్ చెట్లు ఒడ్డు వెంట నీళ్ల మీదికి వంగి ఉంటాయి.

ఆ చెట్ల మధ్య నడుస్తుంటే దారి పక్కన నేల ఉన్నట్టుండి మెట్లు మెట్లుగా తెగిపోతుంది. అడవిలో నిట్టనిలువు గీత, మూలమట్టం పెట్టినట్టున్న మూల ఎక్కడుంటాయి? అందుకే కన్ను అక్కడే ఆగిపోతుంది. గోడ మీద పైనుంచి కిందికి వేలెడు లావు గాడులు, సగానికి చీల్చిన వెదురు బొంగుల్ని వరసగా నిలబెట్టినట్టు. మన వడ్డెరవాళ్లు బండ చీల్చడం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వరసగా బెజ్జాలు కొట్టి, వాటిలో ఇనప చీలలు దిగ్గొట్టి, ఒకదాని తర్వాత ఒకటి సమ్మెటతో బాదుకుంటూ పోతే, ఒక దెబ్బకు బండ గీత గీసినట్టు విడిపోతుంది. బెజ్జం నిలువునా రెండవుతుంది. ఒక సగం గోడ మీద మిగిలిపోతుంది, రెండో సగం బండతో పాటు వెళ్లిపోతుంది.

ఇక్కడి బండలు వెళ్లిన చోట్లలో శాన్‌ఫ్రాన్సిస్కో ఒకటి.

అక్కడ నేను రెండేళ్లు ఉద్యోగం చేశాను. ఫిఫ్త్, మిషన్ వీధుల మూల మీద పాత నాణేల టంకశాల ఉంటుంది. 1869లో కట్టడం మొదలై 1874లో పూర్తయింది. ముందు గ్రీకు గుడిలా స్తంభాలు, వెనక ఇనప తలుపుల కిటికీలు. మధ్యాహ్నం ఎండ ఉంటే దాని మెట్ల వైపు వెళ్లి డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తినేవాణ్ని. ఆ భవనం ముద్దుపేరు 'గ్రానైట్ లేడీ'. గ్రానైట్ దొరసాని. 1906 ఏప్రిల్ 18న భూకంపం వచ్చి, ఆ వెంటే లేచిన మంటల్లో నగరంలో చాలా భాగం బూడిదైపోతే ఈ దొరసాని మాత్రం నిలబడింది. లోపలి ఆవరణలో బావి ఉండటం, ఉద్యోగులు బయటికి పరుగెత్తకుండా ఉండిపోయి మంటలతో పోరాడటం వల్ల భవనమూ, లోపలి బంగారమూ దక్కాయి. ఈ కథ నాకు అప్పటికే తెలుసు. తెలియనిదల్లా ఒకటే. దొరసాని ఒంటి మీద గ్రానైట్ కింది అంతస్తు వరకే. ఆ పైన ఉన్నదంతా ఇసుకరాయి. ఆ ఇసుకరాయి సూటిగా కొలిచినా దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలోని ఈ దీవి నుంచి వెళ్లింది.

అంటే పాదాల గోరింటాకు చూసి మనిషికి పేరు పెట్టారన్నమాట.

నా గొడవ ఇక్కడ మొదలైంది. పేరు తప్పు పెట్టారని కాదు, పేర్లదేముంది. రాయి తీసిన చోటును కట్టడం నుంచి విడదీసి చూసే అలవాటు మీద నా గొడవ. గొయ్యి కూడా కట్టడంలో సగమే. మనం ఒక సగానికి టికెట్టు పెడతాం, ఫొటోలు తీసుకుంటాం, అందులో ఒక్క ఇటుక కదిలితే కోర్టుకెళతాం. రెండో సగాన్ని 'పాడుబడ్డ క్వారీ' అంటాం, అంతే.

రాయి ఎక్కడిదైతేనేం, గొప్పదనం గీసినవాడిది, చెక్కినవాడిది కదా అనేవాళ్లుంటారు. ఆర్కిటెక్టు ఆల్ఫ్రెడ్ ముల్లెట్ పేరు రికార్డుల్లో ఉంది, ఉండాల్సిందే. కానీ రాయి ఒప్పుకోనిదే ఏ ఆర్కిటెక్టూ ఏమీ గీయలేడు. ఇసుకరాయి పొరలుగా పేరుకుంటుంది. గోడలో పెట్టేటప్పుడు అది నేలలో ఎలా పడుకుందో అలాగే పడుకోబెట్టాలన్నది పాత తాపీ సూత్రం. పొరను నిలబెడితే నీరు దిగి, ముఖం పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. మరి స్తంభం సంగతేమిటి? పొడుగాటి స్తంభాన్ని ఒకే రాయిలో తీయాలంటే పొర వెంబడి పడుకోబెట్టి తొలవాలి, తర్వాత నిలబెట్టాలి. అప్పుడు పొరలన్నీ నిట్టనిలువుగా లేచి నిలబడతాయి. కాబట్టి స్తంభానికి కావలసిన ఇసుకరాయిలో పొర గీతలు కంటికి ఆనకూడదు, పగుళ్లు దూరం దూరంగా ఉండాలి, రేణువు ఒకే తీరుగా ఉండాలి. బాపు కర్రకు ఈ గోడ గల్లుమన్నది అందుకే. ఆ స్తంభాల నిర్ణయం సగం కాగితం మీద జరిగితే, మిగతా సగం ఎనిమిది కోట్ల ఏళ్ల కిందట ఒక నది నోట్లో జరిగింది.

ఆ సంగతి కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

క్రెటేషియస్ కాలం చివరి దశ. ఇప్పటి ఒడ్డుకు తూర్పున గ్రానైట్ కొండలు పైకి లేస్తున్నాయి, పడమట ఇప్పటి వాంకూవర్ ఐలాండ్ వెన్నెముక ఉంది. మధ్యలో పల్లపు సముద్రం. కొండలు అరిగి, నదులు ఆ అరుగుదలను మోసుకొచ్చి పల్లంలో పోశాయి. ఎక్కువ దూరం దొర్లని ఇసుక అది. అందుకే అందులో పలుగురాయి రేణువులతో పాటు మామూలుగా త్వరగా కుళ్లి మట్టైపోయే ఫెల్డ్‌స్పార్ కూడా బోలెడు మిగిలింది. ఒడ్డున బురద అడవులు. అవి మునిగి, ఇసుక కింద కప్పబడి, బొగ్గయ్యాయి. ఒడ్డు ముందుకూ వెనక్కూ జరిగిన కొద్దీ ఒక పొర ఇసుక, ఒక పొర బురద, ఒక పొర ఆకూ అలమూ. పేరుకున్న ఈ రాళ్లన్నిటినీ కలిపి భూవిజ్ఞానులు ననైమో గ్రూపు అంటారు. తర్వాత భూమి ఒత్తిడికి ఆ పొరలు వంగి, వాలి, పైకి తేలాయి. మంచుయుగంలో హిమానీనదాలు వాటిని చిత్రిక పట్టాయి. మంచు కరిగి సముద్రం సర్దుకున్నాక నీటి పైన మిగిలిన గట్లే ఈ దీవులు.

ఇదంతా బాపుకు వివరిస్తుంటే మధ్యలోనే ఆపాడు. "నాకెందుకు చెప్తవురా? బొగ్గు మీద ఇసుకరాయి, ఇసుకరాయి మీద బొగ్గు. మా బాయి తీరే కదా."

తీరు అదే, కాలం వేరు. గోదావరి లోయ బొగ్గు గోండ్వానా కాలపుది, పాతిక కోట్ల ఏళ్లకు పైబడ్డది. ఈ దీవి ఇసుక దానిముందు పసిపిల్ల. నన్ను కూర్చోబెట్టిన సంగతి ఇంకొకటుంది. ఈ ఇసుక ఇక్కడ పోగవుతున్న రోజుల్లో మన భారతదేశం మడగాస్కర్ నుంచి విడిపోయి హిందూ మహాసముద్రంలో ఒంటరిగా ఉత్తరానికి జరుగుతోంది. అప్పటికింకా ఆసియాను తాకలేదు. అంటే ఈ రాయి పుట్టేనాటికి దీవి మనమే.

గోడను గోరుతో గీకితే నాలుగు రేణువులు అరచేతిలో రాలాయి. పంచదార కన్నా సన్నం, బొంబాయి రవ్వకు దగ్గర. కోసిన ముఖం బూడిద రంగు. గాలి ఎక్కువ తగిలిన చోట ఇనుము తుప్పుపట్టి గోధుమరంగుకు తిరిగింది. నీళ్ల అంచుకు దిగితే అదే రాయి గుర్తుపట్టలేనట్టుంటుంది. తేనెపట్టులా గుంటలు, గుంటలో గుంటలు, మధ్యలో అప్పడమంత పలచటి గోడలు. అలలు తొలిచాయనుకుంటాం, కాదు. తొలిచింది ఉప్పు. తుంపర రాతి సందుల్లోకి ఇంకుతుంది, ఎండకు నీరు ఆవిరవుతుంది, మిగిలిన ఉప్పు స్ఫటికాలు పెరుగుతూ ఒక్కో రేణువునూ బయటికి నెడతాయి. ఒకసారి గుంట పడితే అక్కడ నీడ, తడి, ఇంకా ఉప్పు. ఉలీ సమ్మెటా ఏళ్ల తరబడి చేసిన పనినే ఉప్పు చప్పుడు లేకుండా చేసుకుపోతోంది. ఉప్పు ఆవకాయను కాపాడుతుంది, రాతిని తినేస్తుంది.

బొగ్గు ముందు వచ్చింది, రాయి తర్వాత. ననైమోలో చెప్పే కథ ప్రకారం, 1850 ప్రాంతంలో ఒక స్నునైముక్వ్ మనిషి విక్టోరియా కోటలో కమ్మరి దగ్గర తుపాకీ బాగు చేయించుకుంటూ, మీరు కొలిమిలో వేసే ఈ నల్లరాళ్లు మా దగ్గరా ఉన్నాయన్నాడట. పడవెడు తెచ్చి చూపిస్తే తుపాకీ ఉచితంగా బాగు చేసి, ఒక రమ్ము సీసా చేతిలో పెట్టారట. తర్వాత ఆయనకు కోల్ టయీ, అంటే బొగ్గు దొర అని పేరు. మా దగ్గర చెప్పుకునేది ఇంకో కథ. భద్రాచలం వెళ్లే యాత్రికులు ఇల్లెందు దగ్గర రాళ్లు పేర్చి పొయ్యి వెలిగిస్తే పొయ్యిరాళ్లే అంటుకున్నాయని. 1871 ప్రాంతంలో భూగర్భ సర్వే శాఖ నుంచి విలియం కింగ్ వచ్చి బొగ్గేనని తేల్చాడు. రెండు కథల్లోనూ మొదట చూసినవాళ్లకు దక్కింది కథే. 1854లో వాంకూవర్ ఐలాండ్ గవర్నరు జేమ్స్ డగ్లస్, హడ్సన్స్ బే కంపెనీ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థ తరఫున స్నునైముక్వ్ వాళ్లతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. దీవికి ఇంగ్లండులోని బొగ్గు పట్నం పేరు పెట్టారు. ఈ బొగ్గు చరిత్ర అంతా చీకటే. 1887 మేలో ననైమో గనిలో పేలుడుకు దాదాపు 150 మంది పోయారు, వాళ్లలో చైనా కూలీలకు లెక్కల్లో పేర్లు కూడా లేవు, నంబర్లే. బాపుకు ఈ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక రాయి. 1869లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి జోసెఫ్ ఎమెరీ అనే రాతి కాంట్రాక్టరు వచ్చి ఇక్కడ క్వారీ తెరిచాడు. బే ఏరియాలో ఉండే మనవాళ్లకు ఎమెరీవిల్ తెలిసే ఉంటుంది. ఆ ఊరి పేరులో ఉన్న ఎమెరీ ఈయనే. కాలిఫోర్నియాలో రాళ్లు లేకనా ఇంత దూరం వచ్చింది? రాళ్లున్నాయి. కానీ రాతి వ్యాపారంలో రాయి కన్నా మోత ఖరీదు. ఎడ్లబండి మీద యాభై మైళ్లు లాగడం కన్నా ఓడ మీద ఎనిమిది వందల మైళ్లు తేవడం చవక. ఈ క్వారీ ముఖం నుంచి నీళ్ల దాకా నాలుగడుగులు. ఎదురుగా గాలివాన తగలని కాలవ. గోడ దగ్గర చీల్చిన బండను దొర్లిస్తే ఓడలో పడుతుందన్నట్టు ఉంటుంది స్థలం. దీవి అంటే మనకు అందరికీ దూరంగా విసిరేసినట్టుండే చోటు. నీరే రోడ్డయిన రోజుల్లో దీవి అంటే నాలుగు వైపులా బస్టాండు.

రోడ్డు ప్రమాదాలు కూడా ఉండేవి మరి. 1872 ఫిబ్రవరిలో జెఫైర్ అనే తెరచాప ఓడ టంకశాల రాళ్లు నింపుకుని బయలుదేరింది. మంచు తుఫానులో దారి తప్పి, మేన్ ఐలాండ్ దగ్గర రాతిదిబ్బకు కొట్టుకుని మునిగింది. తొలిచి సిద్ధం చేసిన స్తంభం సముద్రం అడుగుకు చేరింది. నూట పదిహేనేళ్లు అక్కడే ఉంది. 1987లో నీటి అడుగున పురావస్తువుల కోసం వెతికే బృందంవాళ్లు దాన్ని పైకి లేపి, శాన్‌ఫ్రాన్సిస్కోకు కాదు, పుట్టిన దీవికే తెచ్చి పెట్టారు. ఇప్పుడు గడ్డిలో పడుకుని ఉంది. మా చిన్నది దాని మీద గుర్రంలా కూర్చుంది. కర్ర పట్టుకుని బాపు దాన్నీ మోగించాడు. సముద్రంలో అంతకాలం నానినా పలుకు మారలేదన్నాడు. అందులో నిజమెంతో నాకు తెలియదు కానీ, ఆయన ముఖంలో మాత్రం ఎవరో పాత మనిషిని కలిసిన ఆనందం ఉంది.

అక్కడే ఆయన ఒక మాటన్నాడు, ఈ వ్యాసం రాయించింది అదే. "వీళ్లు తీసింది ఇంకా నిలబడ్డదిరా. పోయి చూడొచ్చు. మేం తీసింది కాలిపాయె. మా బాయికి జోడీ యాడున్నది?"

నా దగ్గర జవాబు లేదు. గాడికి రెండో సగం ఉంటుందని అప్పటిదాకా తెలివిగా చెబుతున్నవాణ్ని నేనే. బొగ్గుబాయి రెండో సగం గాలిలో కలిసిపోయింది. దాన్నెవరూ వెళ్లి తాకలేరు. అలా చూస్తే రాతి క్వారీ అదృష్టం చేసుకున్న గొయ్యి, దాని జోడీ ఎక్కడుందో కనీసం వెతకొచ్చు. ఈ గొయ్యికి టంకశాల ఒక జోడీ. ఇదే బ్రిటిష్ కొలంబియాలో, న్యూ వెస్ట్‌మినిస్టర్ అనే ఊళ్లో కట్టిన పాత జైలు ఇంకో జోడీ. ఒకే గోడ నుంచి డబ్బు కొట్టే ఇల్లూ, మనుషుల్ని మూసేసే ఇల్లూ.

1920ల్లో ఈ రాయికి కొత్త కొలువు దొరికింది. కాగితం మిల్లుల్లో కర్ర గుజ్జు తీయడానికి పెద్ద పెద్ద రాతిచక్రాలు వాడేవారు. తిరిగే రాయికి కర్ర దుంగను అదిమిపెట్టి పైన నీళ్లు కొడుతుంటే దుంగ పీచుపీచుగా నలిగి గుజ్జవుతుంది. మన తిరగలిలో కందులు వేసినట్టే, కాకపోతే కందుల చోట చెట్లు. రాతిలో రేణువులన్నీ ఒకే సైజులో ఉండాలి, పెద్ద రేణువు ఒక్కటున్నా పీచు తెగిపోతుంది. రేణువుల్ని పట్టుకున్న బంక మరీ గట్టిగానూ ఉండకూడదు, మరీ లూజుగానూ ఉండకూడదు. అరిగిన రేణువు రాలిపోయి కిందనుంచి కొత్త పదును తేలాలి. 1923 నుంచి ఇక్కడ ఈ చక్రాలు తీశారు. నిలువుగా తిరిగే ఉక్కు డబ్బా లాంటి యంత్రాన్ని నేల మీద దింపి, బిస్కెట్లు కోసినట్టు గుండ్రంగా కోసి పైకి తీసేవారు. ఆ గుండ్రటి గుంటలు అలాగే ఉన్నాయి, వాన నీళ్లతో, పైన్ ఆకులతో. ఎందుకో తీసి వదిలేసిన చక్రాలు కొన్ని పక్కనే నాచు పట్టి పడి ఉన్నాయి.

మిల్లులో ఆ చక్రాలు నున్నబడితే పళ్ల కదురు లాంటి పనిముట్టుతో మళ్లీ గరుకు చేసేవారని చదివినప్పుడు నాకు మా వీధి గుర్తొచ్చింది. "రోళ్లకు కక్కు కొడతాం, ఇసుర్రాళ్లకు కక్కు కొడతాం" అని ఎండాకాలం మధ్యాహ్నాలు ఒకావిడ చిన్న ఉలి, సుత్తి సంచిలో వేసుకుని తిరిగేది. అమ్మ రోలు బోర్లించి దుమ్ము దులిపి ఇచ్చేది. టక్ టక్ మని అరగంట. ఆవిడ వెళ్లాక మొదటి రుబ్బు పిండి పారబోసేవాళ్లం, రాతిపొడి ఉంటుందని. మిక్సీలొచ్చాక ఆవిడ రావడం మానేసింది. కాగితం మిల్లుల్లోనూ జరిగింది అదే. ఫ్యాక్టరీలో తయారైన కృత్రిమ చక్రాలు వచ్చాయి, అవి ఒకే తీరుగా ఉంటాయి, ఎక్కువకాలం నిలుస్తాయి. ఇళ్లకేమో అప్పటికే కాంక్రీటూ ఉక్కూ వచ్చేశాయి. 1932లో ఈ క్వారీ ఆగిపోయింది. అంతకు ముందు ఏడే ఒక రైల్వే స్టీమర్ల కంపెనీ దీవిని కొని, డ్యాన్సు హాలు కట్టి, పాత ఓడను ఒడ్డున కట్టేసి తేలే హోటల్ చేసింది. ఒక పక్క రాతి చప్పుడు ఆగింది, ఇంకో పక్క బ్యాండు మొదలైంది. దీవి పడమటి ఒడ్డున చేపలు ఉప్పు పట్టే జపాన్ కుటుంబాలుండేవి. 1942లో ప్రభుత్వం జపాన్ మూలాలున్నవాళ్లందరినీ తీరం నుంచి తరలించినప్పుడు అదీ ఖాళీ అయింది. 1961లో పార్కు అయింది.

రాయి అయిపోయి క్వారీ మూతపడిందనుకుంటారు చాలామంది. ఇక్కడ రాయి ఇంకా ఉంది. అవసరం అయిపోయింది.

ఇప్పుడు నా వాదనలో బలహీనమైన చోటికి వస్తాను, దాటేసి పోవడం న్యాయం కాదు. గొయ్యిని కాపాడాలి అని కెనడా పార్కులో నిలబడి అనడం తేలిక. ఇక్కడ గొయ్యి లోతు తక్కువ, నీరు నిలవదు, అడవి నీడ. మా వైపు పాడుబడ్డ క్వారీ అంటే వేరు. మా బడిలో నాకంటే ఒక తరగతి పైనున్న పిల్లవాడు వేసవి సెలవుల్లో క్వారీ గుంతలో ఈతకు దిగి తిరిగి రాలేదు. పైకి పచ్చగా, ప్రశాంతంగా ఉంటుంది ఆ నీరు. అంచు ఎక్కడా వాలు ఉండదు, మెట్టు ఉండదు, అడుగు ఒక్కసారిగా పోతుంది. ఆ పిల్లవాడి తల్లితో ఈ గొయ్యి వారసత్వం అనగలనా? అనలేను. అలాంటివి పూడ్చాలి, కనీసం కంచె వెయ్యాలి, ఇందులో చర్చ లేదు.

ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. 1869 నాటి క్వారీకీ ఇప్పటి క్వారీకీ పోలిక సరిపడదు. అప్పుడు బండను బతిమాలి తీసేవారు, చీల తప్పితే నెల పని పోతుంది. ఇప్పుడు డైమండ్ తీగతో గుట్టను కేకులా కోస్తారు, కోతకు పనికిరానిది కంకరవుతుంది. గొయ్యి కూడా మిగలదు, గుట్టే ఉండదు. గుట్ట లేనిచోట నేను కాపాడమనేది దేన్ని?

అయినా నా మాట వెనక్కి తీసుకోను, కొంచెం చిన్నది చేసుకుంటాను. పూడ్చేది పూడ్చండి. కానీ రాసిపెట్టండి. కట్టడం మీద ఒక్క వాక్యం, ఈ రాయి ఫలానా గుట్టది, ఫలానా ఊరివాళ్లు కొట్టారు అని. క్వారీలో పని ఆపేరోజు ఒక్క గోడనైనా గాడులతో సహా వదిలెయ్యండి. ఇది పెద్ద కోరిక కాదు. 1213లో కట్టడం మొదలైన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అదే ఏడు ఈ దీవికి పాత పేరు తిరిగొచ్చింది. రామప్పా ఇసుకరాయి గుడే. మేం ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు, మదనికల మెడలో హారాలు లెక్కపెట్టాం, నీళ్లలో తేలే ఇటుకల కథ విన్నాం. ఆ రాయి ఎక్కడ కొట్టారని నేను ఒక్కసారీ అడగలేదు. పక్క జిల్లావాణ్ని, బాయి సర్దారు కొడుకుని, నేనే అడగలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక బాపు వంటింట్లో నీళ్లు తాగుతూ గట్టు మీద వేళ్లతో తట్టాడు. మా వంటింటి గట్టు ముదురు నలుపులో గోధుమరంగు పువ్వులున్న గ్రానైట్. ఇక్కడి షాపుల్లో దీన్ని టాన్ బ్రౌన్ అంటారు. ఇల్లు కొన్నప్పుడు షాపువాడు దాన్ని చూపించి మెచ్చుకుంటుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే అది కరీంనగర్ రాయి. మా అమ్మమ్మ ఊరి చుట్టూ ఉన్న గుట్టల రాయి. ఏ ఓడెక్కిందో, ఏ దేశంలో పాలిష్ పట్టించుకుందో, నాకంటే ముందే కెనడా చేరింది.

"మన రాయే కదరా ఇది" అన్నాడు బాపు.

"మనదే బాపు."

స్టీలు గ్లాసు అడుగుతో ఇంకోసారి మెల్లగా కొట్టి విన్నాడు. "ఏ గుట్టది?"

సొరుగులో వెతికి పాత బిల్లు తీశాను. రంగు రాసి ఉంది. మందం మూడు సెంటీమీటర్లు అని ఉంది. అంచు గుండ్రం, పాలిష్, సింకు కోత ఒకటి, డెలివరీ చార్జీ అని ఉన్నాయి. బిల్లు వెనక్కి తిప్పి కూడా చూశాను.